స్ఫూర్తిరహితులు

పిల్లలు సైన్సు వైపు రావడం లేదన్న సంగతి ప్రభుత్వానికి ఆ ఏడాది ఎండాకాలంలో తెలిసింది. ఒక మంత్రిగారు ఏదో బడి భవనం ప్రారంభించడానికి వెళ్ళి, ఎదురుగా కూర్చున్న పిల్లల్ని "మీలో ఎంతమంది శాస్త్రవేత్తలవుతారు?" అని అడిగారట. ఒక్క చెయ్యీ లేవలేదు. వెనక వరసలో ఒకడు లేపాడు గాని, వాడు మంచినీళ్ళకి వెళ్తానని అడగడానికి లేపాడని తర్వాత తేలింది.

ఇంకెవరైనా అయితే ఆ బడిలో సైన్సు మాస్టారు ఉన్నాడా లేడా అని కనుక్కుని ఊరుకునేవారు. ప్రభుత్వం అంత పైపైన చూసి వదిలేసేది కాదు కదా. ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ చల్లటి కొండప్రాంతంలో కూర్చుని, చాలా లోతుకి వెళ్ళి, లోపం పిల్లల్లో లేదు, శాస్త్రవేత్తల్లో ఉందని తేల్చింది. వెలగని దీపం ఇంకో దీపాన్ని వెలిగించలేదు. ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న శాస్త్రవేత్తలు అసలు ఏ స్ఫూర్తితో సైన్సులోకి వచ్చారో ప్రభుత్వం దగ్గర సమాచారమే లేదు. జీతాలిస్తున్నారు, పెన్షన్లిస్తున్నారు, స్ఫూర్తి మాత్రం ఎవరూ అడగలేదు. ఈ లోటు పూడ్చడానికి స్ఫూర్తి కమిషనరేట్ ఏర్పడింది. దానికి మార్తాండరావు గారు కమిషనరయ్యారు.

నేనప్పుడు డెల్టాలో కాలవగట్టు మీద ఉన్న వరి పరిశోధనా కేంద్రంలో ఆఫీసు సూపరింటెండెంటుని. ఉత్తర్వు నా బల్ల మీదికే వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా" అని మొదలై, ప్రతి శాస్త్రవేత్తా తనను విజ్ఞానపథమున ప్రవేశపెట్టిన మహత్తర క్షణమును వివరించవలెనని ముగిసింది. మధ్యలో గ్రేడులున్నాయి. ఆకాశం, సముద్రం, దేశం, మాతృమూర్తి కన్నీరు ఎ గ్రేడు. గురువులు, గ్రంథాలు బి గ్రేడు. మార్కులు, ఉద్యోగం వగైరా సి గ్రేడు. ఏమీ లేనివారు స్ఫూర్తిరహితులు. స్ఫూర్తి లేకుండా చేసే పరిశోధన క్రమబద్ధం కాదు గనక, అలాంటివారిని ప్రయోగశాలలోకి రానివ్వకూడదు.

మా వాళ్ళు చదువుకున్నవాళ్ళు. ఉత్తర్వు ఎలా చదవాలో తెలుసు. వారం తిరక్కుండా అందరూ రాసిచ్చేశారు. ఎరువుల ఆయన చిన్నప్పుడు డాబా మీద పడుకుని చుక్కలు చూశాడు. విత్తనాల ఆయనా చుక్కలే చూశాడు. మట్టి పరీక్షలు చేసే సైదులు గారు కూడా చుక్కలే చూశారు, కాకపోతే ఆయనకి డాబా లేదు గనక గడ్డివాము మీంచి చూశారు. మా డైరెక్టర్ కామేశం గారు చుక్కలతో పాటు సముద్రాన్నీ కలిపి, అమ్మగారి కన్నీరు కూడా పెట్టారు. అవన్నీ చదివితే, ఇంతమంది ఆకాశం వైపు చూసినవాళ్ళు చివరికి బురదలో ఎలా తేలారా అనిపిస్తుంది. ఉత్తర్వులో ఆ ప్రశ్న లేదు గనక నేనూ అడగలేదు.

పురుగుల విభాగం నూకరత్నం గారు మాత్రం ఒకే ఒక్క మాట రాసి పంపారు. "ఫ్యాను."

డైరెక్టర్ గారు ఆవిడని పిలిపించారు. నన్నూ ఉండమన్నారు.

"ఇదేంటమ్మా?" అన్నారాయన.

"అడిగారు కదండీ, రాశాను," అన్నదావిడ. "వ్యవసాయ కాలేజీలో చేరినప్పుడు మా హాస్టల్ పైకప్పు రేకులు. మధ్యాహ్నం గదిలో కూర్చుంటే ఉడికిపోయేవాళ్ళం. కాలేజీ మొత్తం మీద సరిగ్గా తిరిగే ఫ్యాను పురుగుల లాబులోనే ఉండేది. అక్కడికెళ్ళి కూర్చునేదాన్ని. ఊరికే కూర్చుంటే అటెండరు లేపేస్తాడని మైక్రోస్కోపు ముందేసుకునేదాన్ని."

డైరెక్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మంచి మనిషి. ఎవరినీ నొప్పించడం ఇష్టం ఉండదు. తనని నొప్పించే పై అధికారుల్ని మరీ.

"కాస్త ఆకాశం చేర్చమ్మా. ఎంత, రెండు వాక్యాలు."

"ఆకాశం వల్లే కదండీ ఎండ. అది తట్టుకోలేకే లోపలికెళ్ళాను."

"పోనీ మీ అమ్మగారు?"

"బానే ఉన్నారండి."

"కన్నీరు సంగతి అడుగుతున్నానమ్మా."

"ఉల్లిపాయలు తరిగేటప్పుడు వస్తుందండి. దాని మీద నేనేం పరిశోధన చెయ్యలేదు."

ఆవిడ ఎకసెక్కేలాడటం లేదు. పాతికేళ్ళుగా పురుగుల్ని చూసి చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పడం అలవాటైపోయిన మనిషి. అంతే.

విచారణకి మార్తాండరావు గారు స్వయంగా వచ్చారు. ఆయన వెంట వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసాలిచ్చే ఒకాయన సభ్యుడిగా వచ్చారు. మా మీటింగు హాల్లో బల్లలకి తెల్లగుడ్డలు పరిచాం. నేను ఒక పక్కన కూర్చుని రాసుకోవాలి.

"డాక్టర్ నూకరత్నం గారూ, విజ్ఞానమనేది ఒక మహాయజ్ఞం," అని మొదలుపెట్టారు కమిషనర్ గారు. "అందులో సమిధ కావడానికి మిమ్మల్ని పురికొల్పిన తొలి తేజోరేఖ ఏది? నింపాదిగా చెప్పండి. బాల్యంలో మీరు ఆకాశం వైపు చూశారా?"

"చూశానండి."

ఆయన ముఖం విప్పారింది. "ఎందుకు చూశారు?"

"వాన వస్తుందేమోనని. మా అమ్మ వడియాలు పెట్టేది."

"ఆ అనంతమైన ఆకాశాన్ని చూసినప్పుడు మీ హృదయంలో ఏం మెదిలింది?"

"వడియాలు తీసెయ్యాలనిపించిందండి."

వికాసం ఆయన కలగజేసుకున్నారు. ఆయన గొంతు మెత్తన. "అమ్మా, ఫ్యాను కింద కూర్చున్నారన్నారు. బాగుంది. ఆ గాలిలో మీకొక పిలుపు వినిపించిందా?"

"లేదండి. మొదటి ఏడాదంతా నిద్రొచ్చేది. తర్వాత్తర్వాత, ఎదురుగా మైక్రోస్కోపు ఉంది కదా అని చూడటం మొదలెట్టాను. వరి మొదట్లో పట్టే దోమ ఉంటుంది చూశారూ, సుడిదోమ అంటారు. దాని పిల్లల్లో కొన్నిటికి పొడుగు రెక్కలొస్తాయి, ఎగిరి వేరే చేలకి పోతాయి. కొన్నిటికి పొట్టి రెక్కలు, అవి అక్కడే ఉండి గుడ్లు పెడతాయి. తల్లి ఒకటే. ఎవరు ఎగరాలో, ఎవరు ఉండిపోవాలో ఎలా తేలుతోందా అని చూస్తూ ఉండేదాన్ని. ఓ రోజు అలా చూస్తుంటే చెమట చుక్క అద్దం మీద పడింది. ఏమిటా అని తలెత్తాను. కరెంటు పోయి చాలాసేపయిందట. ఫ్యాను ఆగిపోయిన సంగతి నాకు తెలీలేదు."

రాస్తున్న నా చెయ్యి ఎందుకో ఆగింది.

"అంతేనండి," అన్నదావిడ. "ఆ తర్వాత ఇంక వేరే చోటికి పోలేదు."

కమిషనర్ గారు, వికాసం ఆయన తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకున్నారు. వికాసం ఆయన కొంచెం మెత్తబడినట్టే కనబడ్డారు గాని, కమిషనర్ గారు పరిపాలనాపరంగా ఆలోచించే మనిషి.

"ఫ్యాను తిరగడాన్ని స్ఫూర్తిగా ఒప్పుకుందామనుకున్నా, అది ఆగాక కూడా మీరు చూస్తూనే ఉన్నారని మీరే చెబుతున్నారు. అంటే ఫ్యాను కారణం కాదు. ఇక మిగిలింది కరెంటు పోవడం. విద్యుత్ అంతరాయాన్ని స్ఫూర్తిగా నమోదు చేస్తే సంబంధిత శాఖ అభ్యంతరం చెబుతుంది. అది ప్రభుత్వ వైఫల్యాన్ని ప్రోత్సాహకంగా చూపినట్టవుతుంది. కాబట్టి ఏ కారణమూ లేదని నిర్ధారించవలసి వస్తోంది."

"సరేనండి," అని ఆవిడ లేచింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "లాబులో దోమల్ని పెంచుతున్న పంజరాలున్నాయండి. రోజూ పచ్చి నారు మార్చాలి. అది ఎవరు చూస్తారు?" అని అడిగింది.

"స్ఫూర్తిమంతులు చూస్తారు," అన్నారు కమిషనర్ గారు.

అలా ఆవిడ ప్రయోగశాల గడప తొక్కకూడదని ఉత్తర్వులయ్యాయి. జీతం ఆపలేదు. బయటి పనులకి మాత్రమే వినియోగించాలన్నారు. బయటంటే మా కేంద్రానికి ఉన్నవి పొలాలే. ఆవిడ చెప్పులు గట్టు మీద విడిచి, కుచ్చిళ్ళు పైకి దోపుకుని పొలంలోకి దిగింది. భోజనం కూడా గట్టు మీద వేపచెట్టు కిందికే తెచ్చుకునేది.

లోపల ఎ గ్రేడు వాళ్ళకి ఊపిరాడేది కాదు. వాళ్ళలో ఉన్న స్ఫూర్తిని ఇప్పుడు పిల్లలకి బట్వాడా చెయ్యాలి. రోజూ బస్సుల్లో పిల్లలొచ్చేవారు. నూకరత్నం గారి లాబు ఖాళీ చేయించి, గోడలకి నల్లరంగు వేయించి, పైన చిన్న చిన్న బల్బులు పెట్టి స్ఫూర్తి మందిరం చేశారు. పంజరాలు వెనక వరండాలోకి పోయాయి. వాటికి నారు మార్చే స్ఫూర్తిమంతుడికి ప్రదర్శనల మధ్య తీరిక దొరక్కపోవడంతో అందులో దోమలు చచ్చిపోయాయి. ఆ సంగతి ఆవిడకి నేనే చెప్పాను. ఆవిడ కాసేపు వరి దుబ్బు ఒకటి చేత్తో పట్టుకుని అలా నిలబడింది.

మందిరంలో సైదులు గారు తెల్లకోటు వేసుకుని, గాజుకుప్పెలో రంగునీళ్ళు పోసి పొగ తెప్పించాలి. ఎరువుల ఆయన "నేనూ మీలాగే చుక్కలు చూసినవాణ్ణే" అని గద్గదంగా చెప్పాలి. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ గద్గదం నిజంగానే వచ్చేది, గొంతు పోయేది. పిల్లల్లో నోళ్ళు తెరిచినవాళ్ళ శాతం ఎంతో లెక్కగట్టడానికి ఒక ఉద్యోగిని వేశారు. ఆవులింతలు కూడా కలిసిపోతున్నాయని అతను సందేహం వెలిబుచ్చితే, ప్రస్తుతానికి విడదీయనక్కర్లేదని కమిషనరేట్ నుంచి స్పష్టత వచ్చింది.

అక్టోబరు చివర్లో ముసురు పట్టింది. వరి ఈనిక మీద ఉంది, కంకులు అప్పుడే బయటపడుతున్నాయి. ఆ తర్వాత నాలుగు రోజులు గాలి కదల్లేదు, ఒకటే ఉక్క. అప్పుడే చుట్టుపక్కల ఊళ్ళలో చేలు గుండ్రంగా సుడులు సుడులుగా ఎండిపోవడం మొదలైంది. పొద్దున పచ్చగా ఉన్న మడిలో మర్నాటికి ఎవరో నిప్పు పెట్టి ఆర్పేసినట్టు ఎర్రటి చాపలు పరుచుకునేవి. రైతులు మందుల కొట్టుకి పరుగెత్తారు. కొట్టువాడు ఘాటుగా వాసనొచ్చే మందేదో ఇచ్చాడు. పైన కొట్టిన మందు పైనే ఉండిపోయింది. కింద దోమ కిందే ఉంది. దాన్ని తినే సాలీళ్ళు మాత్రం చచ్చాయి. సుడులు పెద్దవయ్యాయి.

ఏసుపాదం అని పక్క ఊరి కౌలురైతు ఒకాయన, వేళ్ళతో సహా పీకిన వరి దుబ్బుని గోనెసంచిలో పెట్టుకుని మా కేంద్రానికి వచ్చాడు. గేటు దగ్గర మనిషి ఆయన్ని సందర్శకుల కింద మందిరంలోకి పంపాడు. పిల్లల వరస చివర కూర్చోబెట్టారు. చీకట్లో ఆయన పొగ చూశాడు, చుక్కలు చూశాడు. అయిపోయాక లేచి, "అయ్యా, చేనుకి దోమపోటు," అనబోయాడు. నోరు తెరిచాడని లెక్కలో వేసుకుని, వెనక గుమ్మంలోంచి బయటికి పంపేశారు.

వెనక గుమ్మం పొలాల్లోకి తెరుచుకుంటుంది. నేను కాగితాలు పట్టుకుని నూకరత్నం గారి సంతకం కోసం అటే వెళ్తున్నాను. ఆయన గట్టు మీద చతికిలబడి ఉన్నాడు. ఏడవడం లేదు గాని, ఏడుపు అయిపోయిన మనిషిలా ఉన్నాడు.

నూకరత్నం గారు దగ్గరికొచ్చి గోనెసంచి విప్పి, దుబ్బు మొదలు వేళ్ళతో విడదీసి చూసింది. గోధుమరంగు పురుగులు బిలబిలలాడాయి.

"ఎన్ని రోజులైంది?"

"నాలుగు రోజుల్నించమ్మా. రెండుసార్లు మందు కొట్టాను. ఇంకా పెరిగింది."

"చేలో నీళ్ళున్నాయా?"

"నిండా ఉన్నాయి. ఎండిపోతందని ఇంకా పెట్టాను."

ఆవిడ నా వైపు తిరిగింది. "పరంధామయ్య గారూ, నేను సలహా చెప్పచ్చా?"

నిబంధన నాకు కంఠతా వచ్చు. స్ఫూర్తిరహితులు కేంద్రం తరఫున ఎటువంటి శాస్త్రీయ సలహా ఇవ్వరాదు. ఆ మాటే చెప్పాను.

"కేంద్రం తరఫున వద్దులెండి," అని ఆవిడ ఏసుపాదం వైపు తిరిగింది. "చూడండి, నేను మా పొలంలో అయితే ఏం చేస్తానో చెబుతాను. ఇవాళే వెళ్ళి నీళ్ళు తీసెయ్యండి. నేల ఆరాలి. దుబ్బుల మధ్య మనిషి పట్టేటంత బాటలు చీల్చండి, మొదలుకి గాలీ వెలుతురూ తగలాలి. యూరియా గింజ కూడా వెయ్యకండి. ఆ ఘాటు మందు కట్టిపెట్టండి. నేను రాసిచ్చేది తెచ్చి, ఆకుల మీద కాదు, వంగి మొదట్లో తడిసేలా కొట్టండి."

"ఎండిన సుడులో?"

"అవి పోయినట్టేనండి. మిగిలింది దక్కించుకోవాలి."

ఆయన ఆ మాటకి తల ఊపాడు. అబద్ధం చెప్పి ఓదార్చి ఉంటే వెళ్ళేవాడు కాదేమో. లేచి, సంచి దులిపి భుజాన వేసుకుని పోయాడు.

మర్నాడు గట్టు మీద పది మంది ఉన్నారు. ఆ మర్నాడు దారి పట్టనంతమంది వచ్చారు. బస్సులు లోపలికి పోతుంటే ట్రాక్టర్లూ సైకిళ్ళూ పొలంగట్టు వైపు తిరిగేవి. ఆవిడ వాళ్ళతో చేలకి వెళ్ళి బురదలోకి దిగి, మొదళ్ళు విడదీసి చూపించేది. గొంతు పోయినా గుసగుసగా చెప్పేది. ఎండిన సుడులు అలాగే మిగిలిపోయాయి. చాలా చోట్ల చుట్టూ ఉన్న చేను మాత్రం నిలబడింది. ఏసుపాదానికి సగం పైగా పంట దక్కింది. ఆలస్యంగా వచ్చిన కొందరికి ఏమీ దక్కలేదు. వాళ్ళ ముందు ఆవిడ తల దించుకుని నిలబడటం నేను చూశాను.

కోతల తర్వాత మార్తాండరావు గారు సమీక్షకి వచ్చారు. రెండు అంశాలు.

మొదటిది, దోమపోటు నుంచి దక్కిన పంట. జిల్లా అధికారులు కేంద్రాన్ని మెచ్చుకుంటూ రాశారు. కమిషనర్ గారు ఇబ్బందిగా కదిలారు.

"స్ఫూర్తి లేనివారు చేసిన పని వల్ల పంట దక్కిందని ఒప్పుకుంటే, స్ఫూర్తి అవసరం లేదని ఒప్పుకున్నట్టే. అది విధానానికే విరుద్ధం. ఆ పంట తనంతట తానే కోలుకున్నట్టు నమోదు చేయండి."

వరి తనంతట తానే కోలుకున్నట్టు నేను నమోదు చేశాను.

రెండోది, మందిరం ఫలితాలు. వచ్చి వెళ్ళిన పిల్లల్ని, పెద్దయ్యాక ఏమవుతారని బళ్ళలో అడిగించారు. ఈసారి చేతులు బ్రహ్మాండంగా లేచాయి. చాలామంది స్ఫూర్తి కమిషనర్ అవుతామన్నారు. పొగ వదిలే ఆయనా, చుక్కలు చూసిన ఆయనా చెమటలు కక్కుతుంటే, ప్రదర్శనలకి వచ్చినప్పుడల్లా ముందు కుర్చీలో శాలువా కప్పించుకుని, చల్లటి కారులో వెళ్ళిపోయిన పెద్దమనిషి వాళ్ళ మనసుల్లో బాగా నాటుకున్నారు. మార్తాండరావు గారు ఆ నివేదిక చదివి కళ్ళు తుడుచుకున్నారు. మూడేళ్ళ స్ఫూర్తి డిగ్రీ కోర్సు పెట్టాలని అక్కడికక్కడే సిఫార్సు చేశారు. ప్రదర్శనలు రెట్టింపు చెయ్యమన్నారు.

మర్నాడు పొద్దున్నే సైదులు గారు నా గదిలోకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గొంతు బొంగురు.

"పరంధామయ్య గారూ, ఒకసారి నమోదైన స్ఫూర్తి రద్దు చేసుకోవచ్చా?"

"ఎందుకండీ?"

"మట్టిని ముట్టుకుని ఆరు నెలలైంది. నూకరత్నం గారు రోజంతా పొలంలో పని చేసుకుంటున్నారు. ఎవరూ ఆవిణ్ణి పొగ వదలమనడం లేదు."

ఉత్తర్వు తీసి చూశాను. వాంగ్మూలం తప్పని తేలితే స్ఫూర్తిరహితుల్లో చేర్చవచ్చని ఉంది. "అసలు కారణం చెప్పాలి మరి," అన్నాను.

ఆయన నేల చూపులు చూస్తూ, నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయని, అందుకే డాక్టరీ వదిలి మట్టిలోకి వచ్చానని, వచ్చాక అదే బాగుందనిపించిందని చెప్పారు. ఎరువుల ఆయన మధ్యాహ్నం వచ్చి, వ్యవసాయ కాలేజీ హాస్టల్లో ఆదివారం కోడికూర పెట్టేవాళ్ళని, అందుకే చేరానని ఒప్పుకున్నారు. విత్తనాల ఆయన ఒక అమ్మాయి వెనక చేరారట. ఆ అమ్మాయి మొదటి ఏడాదే మానేసింది, ఈయన ఉండిపోయారు. అందరివీ రాసుకున్నాను. అందరూ చెప్పులు విప్పి పొలాల్లోకి వెళ్ళిపోయారు. మందిరంలో పొగ వదలడానికి ఎవరూ మిగల్లేదు.

చివర్న సాయంత్రం డైరెక్టర్ కామేశం గారు వచ్చారు. తలుపు దగ్గరగా వేశారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాది కూడా మార్చాలయ్యా."

"చెప్పండి సార్."

"మా నాన్న కొట్టుకి ఎదురుగా చీమల పుట్ట ఉండేది. బడి ఎగ్గొట్టి దాని పక్కన కూర్చునేవాణ్ణి. చీమలు వెళ్ళేవి, వచ్చేవి. ఎదురుపడితే ఆగి, మీసాలు తగిలించుకుని మళ్ళీ నడిచేవి. మా నాన్న వచ్చి చెవి మెలిపెట్టి, ఏం చూస్తున్నావురా అంటే చెప్పలేకపోయేవాణ్ణి." డైరెక్టరయ్యాక ఆయన దేన్నయినా అలా కూర్చుని చూడటం నేనెన్నడూ ఎరగను. "ఇప్పటికీ చెప్పలేను. కారణం ఏమీ లేదు. ఊరికే చూశాను."

ఉత్తర్వు పేజీలు తిరగేశాను. ఎ గ్రేడులో లేదు, బి లో లేదు, సి లో లేదు.

"ఊరికే అని రాయమంటారా సార్?" అన్నాను.

"రాయి," అన్నారాయన.